మొదటి రోజే తీపి మానమనలేదు: తిరుపతిలో మా ఆదివారం గుంపు గురించి

ముందే చెప్పేస్తాను, ఇది షుగర్ జబ్బు తగ్గించే కార్యక్రమం కాదు. అలా అనుకుని వస్తే నిరాశే మిగులుతుంది. మందులు ఆపుకుంటే ప్రమాదం కూడా. తీపి నోట్లో పడితే ఆగలేనివాళ్ళు, సాయంత్రం నాలుగయ్యేసరికి చేతులు వణికి, ఇంట్లోవాళ్ళ మీద అరిచి, తర్వాత బిస్కెట్ ప్యాకెట్ వెతుక్కునేవాళ్ళు, రిపోర్టులు బాగానే ఉన్నా ఒంట్లో ఏదో తేడాగా ఉందనుకునేవాళ్ళు కలిసి నడుపుకునే చిన్న గుంపు. ఆదివారం పొద్దున బైరాగిపట్టెడలో ఒకరింటి మిద్దె మీద కూర్చుంటాం. ఫీజు లేదు, పేరు లేదు, బోర్డు లేదు. నేను చేరి ఏళ్ళు గడిచాయి కాబట్టి బాగున్నవీ బాగాలేనివీ రెండూ చెప్పగలను.

పద్ధతి మనూరిది కాదు. కాథ్లీన్ డెమెజాన్స్ అనే అమెరికా ఆవిడ 1990లలో చెప్పింది. కాలిఫోర్నియాలో తాగుడు మానాలనుకునేవాళ్ళతో పనిచేస్తూ, వాళ్ళ తిండి మారిస్తే మానడం తేలికవుతోందని గమనించిందట. కొందరి ఒంట్లో చక్కెర మిగతావాళ్ళకన్నా గట్టిగా పనిచేస్తుందనేది ఆమె సిద్ధాంతం. రక్తంలో గ్లూకోజు గబగబా ఎక్కి గబగబా దిగడం, మెదడులో మనసును కుదుటగా ఉంచే సెరటోనిన్, బీటా ఎండార్ఫిన్ అనే రసాయనాలు తక్కువగా ఉండడం, ఇవన్నీ కలిసి మనిషిని తీపి వైపు లాగుతాయంటుంది. డాక్టర్లు రాసే జబ్బుల జాబితాలో దీనికి చోటు లేదు. సిద్ధాంతమంతా రుజువైపోయిందని మా గుంపులో ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆచరణ మాత్రం పనికొచ్చేదే. ఏడు మెట్లుగా ఉంటుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కే ఊరివాళ్ళకు ఏడంటే లెక్కలోకి రాదు కానీ, ఒక్కో మెట్టు మీద ఎన్ని నెలలైనా నిలబడవచ్చన్నదే దీంట్లో నాకు నచ్చిన సంగతి.

ఇంకా నచ్చింది ఆ మెట్ల వరస. తీపి మానడం ఆరో మెట్టు. మొదటిది పొద్దున టిఫిన్. నిద్ర లేచిన గంటలోపు, ప్రోటీన్ ఉన్న తిండి తినాలి, రోజూ. అంతవరకే. ఆ మెట్టు మీద ఉన్నన్నాళ్ళు మైసూరుపాకు తిన్నా ఎవరూ ఏమీ అనరు. కొత్తగా వచ్చినవాళ్ళు దీన్ని నమ్మరు. 'తీపి మానిపిస్తారని వస్తే టిఫిన్ గురించి చెప్తారేంది' అని ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. తర్వాతి నెల మళ్ళీ వచ్చాడనుకోండి.

ఈ మొదటి మెట్టే మన ఇళ్ళల్లో అన్నిటికన్నా కష్టం. స్నానం చేసి దీపం పెట్టేదాకా మంచినీళ్ళు తప్ప ముట్టని ఇళ్ళు తిరుపతిలో ఎన్నో. ఆడవాళ్ళయితే పిల్లల క్యారియర్లు, ఇంటాయన టిఫిను, అత్తగారి మాత్రలు అన్నీ అయ్యాక పదిన్నరకో పదకొండుకో నాలుగు ఇడ్లీలు నోట్లో వేసుకుంటారు. ఆలోగా రెండు కాఫీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. ఖాళీ కడుపు మీద పడిన ఆ చక్కెర ఎక్కుతుంది, దిగుతుంది, మళ్ళీ కావాలంటుంది. మా గుంపులో పెద్దావిడ ఒకరున్నారు, స్కూల్లో పనిచేసి రిటైరైనామె. ఎవరు కొత్తగా వచ్చినా ఆమె అడిగేది ఒక్కటే: "ఏమ్మా, పొద్దున ఏం తింటివి?" కాఫీ తాగినానంటే, "అది తాగింది. తినింది చెప్పు" అంటుంది. పూజ విషయంలోనూ ఆమెదే తీర్పు. లేవగానే స్నానం, దీపం, వెంటనే టిఫిన్. వంటింటి పని ఆ తర్వాత. మా అత్తగారు మొదట్లో మూతి ముడుచుకున్నా, నేను మధ్యాహ్నాలు అరవడం తగ్గాక ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఇడ్లీలో మినపప్పు ఉంది కదా అనేది ప్రతి కొత్తవాళ్ళూ చేసే వాదన. ఉంది. కానీ ఒక పాలు మినపప్పుకు రెండు మూడు పాళ్ళు బియ్యమే. పూటకు ఇరవై గ్రాముల ప్రోటీన్‌కు తగ్గకుండా చూసుకోమని మా లెక్క. గుడ్డుకు ఆరు గ్రాములు. పిడికెడు శెనక్కాయలకు ఏడు గ్రాముల దాకా. నేను మామూలుగా ఒక దోసె, రెండు గుడ్లు, ఊరుబిండి అనే శెనక్కాయల పచ్చడి. గుడ్డు తినని ఇళ్ళకు పెసరట్టు, శెనగల గుగ్గిళ్ళు, పెరుగు. చలికాలంలో అనపకాయలొచ్చినప్పుడు మా పని సులువు. పితికిపప్పు ఒక గిన్నెడు కూర చేసుకుంటే ప్రోటీన్ లెక్క వెతుక్కోనక్కర్లేదు, పైగా చిత్తూరు వైపు మనిషికి దాన్ని మందులా మింగమని ఎవరూ చెప్పక్కర్లేదు. ఇబ్బందల్లా పెరటాసి నెలలో, అంటే తమిళ లెక్కలో సెప్టెంబరు, అక్టోబరు మధ్య వచ్చే నెలలో. శనివారాలే కాదు, నెలంతా నీచు ముట్టని ఇళ్ళు మావైపు చాలా ఉన్నాయి. ఆ నెల ముందే అలసందలు, ఉలవలు, పెసలు తెచ్చి పెట్టుకోమని గుర్తుచేసే మనిషి ఉండడం చిన్న సాయమేమీ కాదు.

రెండో మెట్టు నోటు పుస్తకం. ఏం తిన్నాను, ఎన్నింటికి తిన్నాను, తిన్నాక ఎట్లా ఉంది. క్యాలరీలు రాయం, బరువు రాయం. రాయడం విసుగు. చాలామంది ఇక్కడే జారుకుంటారు, నేనూ వారాలకొద్దీ రాయలేదు. కానీ రాసిన పేజీలు వరసగా చూసుకుంటే, మధ్యాహ్నం పప్పు లేకుండా చారన్నంతో సరిపెట్టుకున్న రోజుల్లోనే సాయంత్రం తలనొప్పి అని తెలిసింది. ఆఫీసు టెన్షన్ అని నేను పేరుపెట్టుకున్నదాంట్లో సగం ఆకలే.

మూడో మెట్టు మూడు పూటలా అలాగే తినడం, మధ్యలో చిరుతిండి లేకుండా. నాలుగోది విటమిన్లు, రాత్రి పడుకునే ముందు ఒక ఉడికించిన ఆలుగడ్డ, తొక్కతో సహా. విటమిన్ల సంగతి డాక్టర్‌ను అడగమని మావాళ్ళు వదిలేస్తారు, అది మంచి పనే. ఆలుగడ్డ వెనక ఆలోచన ఏమిటంటే, పిండిపదార్థం తింటే ఇన్సులిన్ వచ్చి, రక్తంలో ఉన్న ట్రిప్టోఫాన్ (ప్రోటీన్ నుంచి వచ్చే పదార్థం) మెదడులోకి పోవడానికి దారి తేలికవుతుంది, దాన్నించి సెరటోనిన్ తయారవుతుంది. చదవడానికి బాగానే ఉంది. నాకు మాత్రం గ్యాస్ తప్ప ఏమీ రాలేదు. కొందరు దాంతో నిద్ర బాగా పడుతుందంటారు, వాళ్ళతో నేను వాదించను. షుగర్ మందులు వాడేవాళ్ళు ఇది డాక్టర్‌ను అడగకుండా చేయకూడదు.

ఐదో మెట్టు తెల్లన్నం, మైదా తగ్గించి పొట్టుతో ఉన్న గింజలకు మారడం. రాయలసీమలో రాగి సంగటి ఉండగా ఈ మెట్టు మీద పెద్ద పాఠం అవసరం లేదు. ఒక్క మాట: సంగటి కూడా పిండిపదార్థమే. రెండు ముద్దలు తిని నాటుకోడి పులుసులో ముక్కలు పిల్లలకు వదిలేస్తే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక అసలు సంగతి లడ్డు. ఈ ఊళ్ళో ఉంటూ తీపి తగ్గించుకోవాలనుకోవడం వేరే ఊళ్ళోవాళ్ళ కష్టం లాంటిది కాదు. దర్శనం చేసుకున్న ప్రతి మనిషికీ ఒక చిన్న లడ్డు ఉచితంగా ఇస్తారు, అదే 170, 180 గ్రాములుంటుంది. పైన కొనుక్కొచ్చేవి వేరే. హైదరాబాదు నుంచో చెన్నై నుంచో వచ్చిన చుట్టాలు మనింట్లో దిగి, కొండెక్కి, దిగి, వెళ్ళేటప్పుడు మన చేతిలో రెండు లడ్లు పెట్టి పోతారు. పక్కింట్లో దేవస్థానం ఉద్యోగి ఉంటే చెప్పనే అక్కర్లేదు. శెనగపిండి, చక్కెర, నెయ్యి, జీడిపప్పు, కలకండ, యాలకులు. దాన్ని 'జంక్ ఫుడ్' అని తోసెయ్యలేం, తోసెయ్యాలని ఎవరికీ ఉండదు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్ళు బయటి నుంచి చేర్చుకునే చక్కెర రోజుకు 50 గ్రాములు దాటకూడదు, 25కి తగ్గితే ఇంకా మంచిది. ఒక లడ్డు మొత్తం తింటే ఆ రోజుకు మరి చక్కెర ఊసెత్తనక్కర్లేదు.

గుంపు ఈ ముడి విప్పిన తీరు నాకు నచ్చింది. లడ్డు ఇంటికి రాగానే ఆ గంటలోనే పంచేయాలి. కళ్ళకద్దుకుని చిటికెడు, అదీ భోజనం చివర్లో, పప్పు కూర కడుపులో పడ్డాక. మిగతాది ఇంటింటికీ, పనిమనిషికీ, వాచ్‌మన్‌కీ. డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచకూడదు, ఎందుకంటే రాత్రి పదకొండుకు ఫ్రిజ్ తలుపు ఎవరు తీస్తారో మనకు తెలుసు. ప్రసాదం కాదనడం లేదు కాబట్టి మనసులో పీకులాట లేదు. ఒక పురోహితుడి గారి భార్య మా గుంపులో ఉన్నారు. తిథులు, తద్దినాలు, వ్రతాలు, ఆమెకు నెలలో తీపి లేని రోజులే తక్కువ. ఆమె ఈ చిటికెడు లెక్కతోనే నెగ్గుకొస్తున్నారు.

మామిడి కాలం ఇంకో పరీక్ష. బేనిషా దిగుబడి మొదలైతే మా గుంపు హాజరు తగ్గిపోతుంది. కాయ తినవచ్చు, భోజనంతో, ఒకటో సగమో. రసం తీసి చక్కెర వేస్తే అది వేరే వస్తువు. దీని మీద మావాళ్ళు సరిగ్గానే ఉన్నారు. బెల్లం దగ్గరే నాకు పేచీ. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు 'చక్కెర విషం, బెల్లం అమృతం' అని ప్రతి ఆదివారం ఎత్తుకుంటారు. చిత్తూరు బెల్లం మీద నాకూ అభిమానమే, మా అమ్మావాళ్ళ ఊళ్ళో గానుగ దగ్గర పెరిగిన దాన్నే. అయినా బెల్లంలో ఎక్కువ భాగం ఆ సుక్రోజే. కాస్త ఇనుమూ కాస్త రుచీ ఎక్కువుండొచ్చు, ఒంటికి మాత్రం తీపి తీపే. తేనెకూ అదే మాట. పాకం పట్టిన మిల్లెట్ లడ్లు 'హెల్తీ' అని అమ్మకానికి తెచ్చిన మనిషిని గుంపు మర్యాదగా ఆపింది, బెల్లం వాదాన్ని మాత్రం ఇప్పటికీ ఆపలేకపోతోంది. ఇది ఈ గుంపులో నిజమైన లోపం. శాస్త్రం తెలిసిన మనిషిని, కనీసం ఒక డైటీషియన్‌ను, మూడు నెలలకోసారైనా పిలిపించాలని నేను అడుగుతూనే ఉన్నాను.

రెండో లోపం, సమయం. ఆదివారం పొద్దున అంటే మగవాళ్ళకు సెలవు, ఆడవాళ్ళకు పని ఎక్కువ. ఉద్యోగం చేసే ఆడపిల్లలు రెండు వారాలు వచ్చి మానేస్తారు. వాళ్ళ కోసం జతలు కట్టారు: ఒకరికి ఒకరు, రాత్రి భోజనం అయ్యాక ఐదు నిమిషాల ఫోను. నా మటుకు నాకు ఆదివారం కూర్చోవడం కంటే ఈ ఫోనే ఎక్కువ పనికొచ్చింది. నా జత కొర్లగుంటలో టైలరింగ్ చేసే అమ్మాయి. "అక్కా, ఈ రోజు రెండు బాదం పాలు తాగేసినా" అంటుంది. నేను తిట్టను, పొద్దున ఏం తిన్నావని అడుగుతాను. నూటికి తొంభై సార్లు జవాబు అక్కడే ఉంటుంది.

ఆరో మెట్టుకొచ్చేసరికి నాకు నిజంగా తీపి మీద లాగుడు తగ్గింది. అయినా మానిన మొదటి వారం తలనొప్పి, చిరాకు, నిద్రలో మెలకువలు. ఆ వారం పెళ్ళిళ్ళు, పండగలు లేకుండా చూసుకోమంటారు, గంగజాతర వారంలో మొదలుపెట్టొద్దంటారు. జాతర రోజు అంబలి తాగొచ్చు, దాంతో బాధలేదు. ఏడో మెట్టుకు ఇంకా రాలేదు. అది తిండి సంగతి కాదు, తీపి చుట్టూ తిరగడం ఆగాక మిగిలిన సమయంతో ఏం చేస్తావన్నది.

ఫలితాలు అడుగుతారు కాబట్టి: బరువు పెద్దగా తగ్గలేదు. మూడు నెలల చక్కెర సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, అంతకుముందు షుగర్ అంచున ఉన్నది, 5.7 కిందికి వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. దీనికి టిఫిన్ ఒక్కటే కారణమని చెప్పను. అదే సమయంలో యూనివర్సిటీ గ్రౌండులో నడక మొదలుపెట్టాను, రాత్రి పదింటికే పడుకోవడం అలవాటైంది. దేశంలో 10 కోట్ల మందికి షుగర్, 13 కోట్లకు పైగా జనం దాని అంచున ఉన్నారని 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అధ్యయనం చెప్పింది. ఆ అంచున ఉన్నవాళ్ళు ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళి, ఆ తర్వాత మా మిద్దెక్కాలి. ఇన్సులిన్ గానీ, గ్లూకోజు బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్ళయితే భోజన వేళలు మార్చే ముందు కచ్చితంగా అడగాలి.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. పది రోజుల్లో ఐదు కిలోలు తగ్గాలనుకునేవాళ్ళకు ఇది నత్తనడక. తిండి గురించి నలుగురిలో మాట్లాడడం ఇష్టంలేనివాళ్ళకు ఇబ్బంది. తిని కక్కుకోవడం, తిండంటేనే భయపడడం లాంటి బాధలున్నవాళ్ళకు నోటు పుస్తకం మేలు కంటే కీడు చేయొచ్చు. వాళ్ళు మానసిక వైద్యుల దగ్గరికే పోవాలి, మా గుంపుకు ఆ శక్తి లేదు.

వచ్చేవాళ్ళు ఒక నోటు పుస్తకం, పెన్ను తెచ్చుకోండి. ఇంట్లో టిఫిన్ తినే రండి. అక్కడ పెట్టేది ఉడికించిన శెనక్కాయలూ, చక్కెర లేని కాఫీనే.