ఇంటెల్లిజే ట్రయల్ అయిపోయాక జావా సర్టిఫికేషన్ ప్రిపరేషన్: చాలాకాలం వాడాక నా రివ్యూ

జావా ఓసీపీ (ఒరాకిల్ ఇచ్చే జావా సర్టిఫికేట్) ఎగ్జామ్ కోసం ఇంటెల్లిజే ఐడియా అనే కోడ్ రాసుకునే సాఫ్ట్‌వేర్‌లో డబ్బులు కట్టే ఎడిషన్ అల్టిమేట్ 30 రోజుల ట్రయల్‌తో మొదలుపెట్టా, అది అయిపోయాక ఫ్రీ ఎడిషన్‌కి మారా, ఎగ్జామ్ అయిపోయినా ఇప్పటికీ రోజూ దాంట్లోనే కోడ్ రాస్తున్నా. చదివేవాళ్ళకి టైమ్ వేస్ట్ కాకుండా ముందే చెప్పేస్తా, సర్టిఫికేషన్ వరకు అల్టిమేట్ అక్కర్లేదు, ట్రయల్ కోసం మళ్ళీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకుంటూ కూర్చోవడం అసలే అక్కర్లేదు.

అమీర్‌పేట హాస్టల్లో ఎవర్ని అడిగినా ఒకటే చెప్తారు, "అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వేస్కో బ్రో, ట్రయల్ మళ్ళీ వస్తది" అని. రాదండి. ఫోన్ హాట్‌స్పాట్ మీద అంత పెద్ద ఫైల్ మళ్ళీ దించుకుని, అంతా అయ్యాక ఓపెన్ చేస్తే ట్రయల్ అయిపోయిందన్న అదే విండో వస్తుంది. ఎందుకంటే సాఫ్ట్‌వేర్ ఒక ఫోల్డర్లో ఉంటుంది, మన సెటింగ్స్, ట్రయల్ వివరాలు యూజర్ ఫోల్డర్లో వేరేచోట ఉంటాయి, పైగా ట్రయల్ స్టార్ట్ చేసేటప్పుడే అకౌంట్‌తో లాగిన్ అడుగుతుంది కాబట్టి ఎప్పుడు మొదలైందో వాళ్ళ దగ్గర ఉంటుంది. అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు క్యాష్, లోకల్ హిస్టరీ, సెటింగ్స్ కూడా తీసేయాలా అని టిక్ బాక్సులు వస్తాయి, అవి కొట్టేస్తే మన షార్ట్‌కట్లు, టెంప్లేట్లు, పాత కోడ్ హిస్టరీ అన్నీ పోతాయి. ఇక ట్రయల్ రీసెట్ స్క్రిప్టులు, క్రాకులు పెన్‌డ్రైవ్‌లో తిరుగుతుంటాయి కదా, వాటి జోలికి వెళ్ళొద్దు. లైసెన్స్‌కి విరుద్ధం అన్నది ఒకటి, ఎవడు రాశాడో తెలియని ఫైల్‌ని మన జీమెయిల్, బ్యాంకు లాగిన్లు ఉన్న లాప్‌టాప్‌లో నడపడం ఇంకొకటి.

అసలు ఈ తిప్పలన్నీ దేనికి? కమ్యూనిటీ అనే ఫ్రీ ఎడిషన్ 2009 నుంచే ఉంది, ఓపెన్ సోర్స్ కూడా. 2025.3 వెర్షన్ నుంచైతే అదీ, అల్టిమేటూ రెండూ కలిపి ఒకటే ఇన్‌స్టాలర్ చేశారు, ట్రయల్ అయిపోయినా జావాకి కావాల్సినవి ఫ్రీగా పనిచేస్తూనే ఉంటాయి, తీసేసి వేరేది వేసుకునే పనే లేదు. డబ్బులు కట్టే ఎడిషన్లో ఎక్కువగా వచ్చేది స్ప్రింగ్ (జావాలో వెబ్ అప్లికేషన్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) సపోర్ట్ పూర్తిగా, డేటాబేస్ టూల్స్, వెబ్ పని ఇలాంటివి. ఓసీపీ సిలబస్‌లో స్ప్రింగ్ లేదు. జేడీబీసీ (జావా నుంచి డేటాబేస్‌తో మాట్లాడే పద్ధతి) నేర్చుకోవాలన్నా డ్రైవర్ జార్ ఫైల్ ఒకటి యాడ్ చేసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా, ఎందుకంటే దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. నేను రాసింది జావా 17, 829 నంబరు పేపరు. 50 ప్రశ్నలు, 90 నిమిషాలు, పాస్ అవ్వాలంటే 68 శాతం, అంటే 34 కరెక్ట్ అవ్వాలి. ఒక్కో ప్రశ్నకి రెండు నిమిషాలు కూడా రాదు, కంపైలర్ ఉండదు, తప్పు చూపించే ఎర్ర గీత ఉండదు. చాలా ప్రశ్నలు "దీని అవుట్‌పుట్ ఏంటి" అన్నట్టే ఉంటాయి, ఆప్షన్లలో "కంపైల్ అవ్వదు" అని ఒకటి పెడతారు. బైట్ వేరియబుల్‌కి ఒకటి కలిపి మళ్ళీ దాంట్లోనే పెడితే కంపైల్ అవ్వదు, అదే ప్లస్-ఈక్వల్స్‌తో రాస్తే అవుతుంది. వేరియబుల్ టైప్ బదులు var అని రాసి null ఇస్తే ఒప్పుకోదు. ట్రై బ్లాక్‌లో వచ్చే అవకాశమే లేని చెక్డ్ ఎక్సెప్షన్‌ని (పట్టుకోమని కంపైలర్ పట్టుబట్టే రకం) క్యాచ్ చేస్తే తప్పు. ఒకసారి వాడేసిన స్ట్రీమ్‌ని (డేటాని దశలవారీగా నడిపించే జావా సదుపాయం) మళ్ళీ వాడితే మాత్రం కంపైల్ అవుతుంది కానీ రన్ చేసినప్పుడు పడిపోతుంది. ఇవన్నీ కంటితోనే పట్టుకోవాలి, ఇంటెల్లిజే ఏమో మనం టైప్ చేస్తుండగానే గీత గీసి జవాబు చెప్పేస్తుంది, సైకిల్‌కి పక్క చక్రాలు ఉంచుకుని తొక్కడం నేర్చుకున్నట్టు ఉంటుంది.

అందుకే ఫైల్ మెనూలో పవర్ సేవ్ మోడ్ అని ఉంటుంది, అది ఆన్ చేసుకుని ప్రాక్టీస్ చేశా. తప్పులు చూపించడం, ఆటోమేటిగ్గా పూర్తి చేయడం ఆగిపోతాయి. జవాబు ముందు కాగితం మీద రాసుకుని ఆ తర్వాతే రన్ కొట్టేదాన్ని. నాకు మార్కులు పెరగడం మొదలైంది ఇక్కడి నుంచే, ఇది గట్టిగా నమ్మి చెప్తున్నా.

ఇంకొకటి తప్పకుండా చూసుకోండి, ప్రాజెక్ట్ సెటింగ్స్‌లో లాంగ్వేజ్ లెవెల్, అంటే ఏ జావా వెర్షన్ రూల్స్ ప్రకారం కోడ్ చూడాలో. మీ లాప్‌టాప్‌లో జేడీకే (జావా కిట్) 21 ఉండి, రాసేది 17 ఎగ్జామ్ అయితే లెవెల్ 17కి మార్చండి. స్విచ్‌లో ప్యాటర్న్ మ్యాచింగ్ 17లో ప్రివ్యూ మాత్రమే (ఇంకా ఖాయం కానిది), పూర్తిగా వచ్చింది 21లోనే. మార్చకపోతే ఇక్కడ చక్కగా నడిచిన కోడ్ అక్కడ తప్పు జవాబు అవుతుంది.

ఫ్రీ ఎడిషన్లో నాకు బాగా నచ్చింది డీబగ్గర్, అంటే కోడ్‌ని మధ్యలో ఆపి లోపల ఏం జరుగుతోందో చూసే టూల్. స్ట్రీమ్ చైన్ దగ్గర ఆపి ట్రేస్ పెడితే ఫిల్టర్ తర్వాత ఏవి మిగిలాయి, మ్యాప్ తర్వాత ఏమయ్యాయి అన్నీ బొమ్మలా చూపిస్తుంది, పుస్తకం ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కని గ్రూపింగ్ బై, ఫ్లాట్‌మ్యాప్ నాకు దీంతోనే అర్థమయ్యాయి. ర్యామ్ సంగతి చెప్పాలంటే కంపెనీయే 8 జీబీ ఉండాలంటోంది, 4 జీబీ లాప్‌టాప్ ఉన్నవాళ్ళు దీనికోసం బాధపడకుండా ఏదో ఒక ఎడిటర్, కమాండ్ ప్రాంప్ట్ పెట్టుకోండి. జావా 11 నుంచి ఒక్క ఫైల్ ప్రోగ్రామ్ అయితే విడిగా కంపైల్ చేయకుండానే నేరుగా రన్ చేయొచ్చు. జావా 9 నుంచి జేషెల్ కూడా ఉంది, చిన్న చిన్న లైన్లు చూడటానికి బావుంటుంది, కానీ అందులో సెమీకోలన్ మర్చిపోయినా, చెక్డ్ ఎక్సెప్షన్ పట్టుకోకపోయినా ఊరుకుంటుంది, కాబట్టి ఎక్సెప్షన్ల చాప్టర్‌కి దాన్ని నమ్మొద్దు.

ఖర్చు పెట్టగలిగితే మాక్ టెస్టుల మీద పెట్టండి. నేను ఒక సిమ్యులేటర్ (మాక్ టెస్టులు పెట్టే సాఫ్ట్‌వేర్) ట్రయల్ వాడా, పేరు చెప్పను, గడువయ్యాక మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే ట్రయల్ రాలేదు సరే, అప్పటిదాకా రాసిన టెస్టుల రిజల్ట్స్, ఏ టాపిక్‌లో వీక్ అన్న లెక్క అంతా ఎగిరిపోయింది. ఏ సిమ్యులేటర్ అయినా తప్పు పోయిన ప్రశ్నలు ఏ రోజువి ఆ రోజే నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి. ఆ తర్వాత డబ్బులు పెట్టి ఇంకోటి కొన్నా, ప్రతి జవాబుకీ ఎందుకు తప్పో వివరణ ఉన్నది, అది పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేసింది.

కాలేజీలో ఉన్నవాళ్ళకి కాలేజీ మెయిల్ ఐడీతో అల్టిమేట్ ఏడాదికి ఫ్రీగా ఇస్తారు, చదువు ఉన్నంతకాలం ఏటా రెన్యూ చేసుకోవచ్చు. పాస్ అవుట్ అయినవాళ్ళు ఎగ్జామ్ రాసేదాకా ట్రయల్ బటన్ నొక్కకండి, రాశాక స్ప్రింగ్ బూట్ ప్రాజెక్ట్ చేస్తారు కదా, అది మొదలుపెట్టే రోజున నొక్కండి, ఆ 30 రోజులూ నిజంగా పనికొస్తాయి.