జాగ్రత్త: ఆ లైఫ్‌టైమ్ లైసెన్స్ అమ్మేవాడి దగ్గర కొన్నవాళ్లు ముందు నెట్ పీకేయండి

ఏ ఛానెల్ అన్నది పేరు పెట్టి చెప్పక్కర్లేదు. అసలు ధరలో పదో వంతుకే జీవితాంతం పనిచేసే సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అంటూ రోజూ ఊదరగొట్టే ఆ మహానుభావుడే. డబ్బు పడగానే లింకు పంపుతాడు. లింకులో జిప్, జిప్‌కి పాస్‌వర్డ్, పక్కనే సూచనల టెక్స్ట్ ఫైల్. అందులో మొదటి లైను చూడండి: "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి, సీ డ్రైవ్‌ని ఎక్స్‌క్లూజన్స్‌లో చేర్చండి."

ఎక్స్‌క్లూజన్స్ అంటే యాంటీవైరస్ చూడకుండా వదిలేసే చోట్ల జాబితా. వాడు అమ్ముతున్నది సాఫ్ట్‌వేర్ కాదు, ఆ ఒక్క లైను. అది పాటిస్తే సాఫ్ట్‌వేర్‌తో పాటు బ్యాక్‌డోర్ కూడా ఎక్కుతుంది, అంటే వాడు మనకు తెలియకుండా మన మెషీన్లోకి వచ్చే దొడ్డిదారి. దొంగే వచ్చి కుక్కని కట్టేయమంటే మనం గొలుసు కూడా అందిస్తున్నాం, పైగా డబ్బిచ్చి మరీ!

ఇంకా ఒళ్లు మండేది ఆ తర్వాత జరిగేది. విండోస్‌లోని యాంటీవైరస్ డిఫెండర్ ఎర్ర హెచ్చరిక చూపిందని స్క్రీన్‌షాట్ పెడితే వచ్చే జవాబు ఇది: "అది ఫాల్స్ పాజిటివ్ (ఉత్తుత్తి హెచ్చరిక) బ్రో, క్రాక్ (లైసెన్స్ తాళం పగలగొట్టిన కాపీ) అంటే అలాగే చూపిస్తుంది. కంప్యూటర్ తెలియనివాళ్లు కొనకూడదు." మళ్లీ అడిగితే, పాపం, దయతలచి "రిమోట్‌లో వచ్చి సరిచేస్తా" అంటాడు. అలా వచ్చినప్పుడు రిమోట్ యాప్‌లో మనం ఒప్పుకోకుండానే లోపలికి రాగలిగే అనటెండెడ్ యాక్సెస్ పాస్‌వర్డ్ పెట్టేసి పోతాడు. అంటే ఒకటి కాదు, రెండు దొడ్డిదారులు. ఆ పైన మనల్ని బ్లాక్ చేస్తాడు.

జిప్‌కి పాస్‌వర్డ్ భద్రత కోసమనుకోకండి. పాస్‌వర్డ్ ఉంటే మెయిల్ సర్వర్, బ్రౌజర్, యాంటీవైరస్ ఏవీ లోపలికి చూడలేవు. విప్పాక పీడీఎఫ్ బొమ్మతో ఒక ఫైల్ కనిపిస్తుంది. పేరు చివర అసలు ఎక్స్‌టెన్షన్ ఈఎక్స్‌ఈ, అంటే నడిచే ప్రోగ్రామ్, కానీ విండోస్ దాన్ని మామూలుగా దాచేస్తుంది (ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసి ఉంచుకోండి). సెటప్ నొక్కితే సాఫ్ట్‌వేర్ నిజంగానే ఎక్కుతుంది, బాగానే పనిచేస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఒక్కోసారి సెటప్ ఫైలు అసలుదే, డిజిటల్ సంతకంతో సహా ఉంటుంది. దాని పక్కన పెట్టిన డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు వాడుకునే సహాయక ఫైల్) మాత్రం వాడిది. అసలు ప్రోగ్రామ్ తన ఫోల్డర్లోని డీఎల్ఎల్‌ని నమ్మి లోడ్ చేసుకుంటుంది. అంతే, పని పూర్తి.

"మా రౌటర్‌లో ఫైర్‌వాల్ ఉందిగా" అనేవాళ్లకి: 1998లో వచ్చిన బ్యాక్ ఆరిఫిస్ లాంటి బ్యాక్‌డోర్‌లు 31337 పోర్టులో (పోర్టు అంటే నెట్ కనెక్షన్‌కి మెషీన్లో ఉండే నంబరు తలుపు) కూర్చుని బయటివాడి పిలుపు కోసం ఎదురుచూసేవి. ఇప్పటివి అలా కాదు, మన మెషీనే బయటికి ఫోన్ చేస్తుంది. మామూలు వెబ్‌సైట్లు వాడే 443 పోర్టులోనే, ఎన్‌క్రిప్ట్ చేసి మరీ. లోపలి నుంచి బయటికి వెళ్లేదాన్ని ఇంటి రౌటర్ ఆపదు. పైగా కాసేపు నిద్రపోయి, లేచి, "ఏమైనా పనుందా" అని అడిగి మళ్లీ పడుకుంటుంది. అందుకే ఏ ప్రోగ్రామ్ ఎక్కడికి కనెక్టయిందో చూపే టీసీపీవ్యూ ఒక్కసారి తెరిచి చూసి ఏమీ లేదని సంబరపడొద్దు.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఈ వరస తప్పొద్దు.

ముందు కేబుల్ పీకండి, వైఫై ఆపండి. తర్వాత వేరే శుభ్రమైన ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో పాస్‌వర్డ్‌లు మార్చండి. మొదట మెయిల్, తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి. పాడైన మెషీన్లో మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా వాడికి మనమే చెప్పినట్టు. పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే సరిపోదు. బ్రౌజర్లోని సెషన్ కుకీ (మనం లాగిన్ అయ్యామని సైటుకి చెప్పే గుర్తు) ఎత్తుకుపోయినవాడికి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ప్రతి ఖాతాలో "అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్" నొక్కండి. మెయిల్ సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు కూడా చూడండి. వాడు పెట్టిన ఫార్వర్డింగ్ పాస్‌వర్డ్ మార్చినా చెక్కుచెదరదు. చాలామంది దీన్నే వదిలేస్తారు.

తర్వాత ఎక్స్‌క్లూజన్స్. ఆపేసిన రియల్‌టైమ్ ప్రొటెక్షన్ కాసేపటికి తనంతట తానే ఆన్ అవుతుంది. ఎక్స్‌క్లూజన్ మాత్రం మనం తీసేదాకా అలాగే పడి ఉంటుంది. సీ డ్రైవ్ మొత్తం అందులో ఉంటే ఫుల్ స్కాన్ చేసినా "థ్రెట్స్ ఏమీ లేవు" అనే పచ్చ టిక్కే వస్తుంది. వాడు ఆ పచ్చ టిక్కు చూపించే "చూశారా, క్లీన్" అంటున్నాడు! విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అట్టడుగున ఎక్స్‌క్లూజన్స్. మీరు పెట్టనిది ఏదున్నా తీసేయండి. ఆ తర్వాతే స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. రీస్టార్ట్ అయి విండోస్ బయట నడుస్తుంది, పావుగంట పడుతుంది. విండోస్ లేవకముందే చూస్తుంది కాబట్టి బ్యాక్‌డోర్‌కి దాక్కునే వీలు తక్కువ.

అది ఎక్కడ పాతుకుందో చూడాలంటే మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల ఆటోరన్స్ వాడండి, విండోస్‌తో పాటు తమంతట తామే మొదలయ్యేవాటిని అది చూపిస్తుంది. వేరే మెషీన్లో దించి యూఎస్‌బీలో తెచ్చి, అడ్మిన్‌గా తెరవండి. సంతకాలు సరిచూసే ఆప్షన్ ఆన్ చేయండి. గులాబీ రంగు వరస అంటే సంతకం లేదనో సరిపోలేదనో, పసుపు అంటే ఫైలే లేదని. రన్ కీలు (విండోస్‌లోకి లాగిన్ అవ్వగానే నడిచేవాటి రిజిస్ట్రీ జాబితా) అందరూ చూస్తారు. షెడ్యూల్డ్ టాస్క్స్, సర్వీసెస్, డబ్ల్యూఎంఐ ట్యాబులు మరవొద్దు. పవర్‌షెల్, ఎంఎస్‌హెచ్‌టీఏ లాంటి, కమాండ్‌లు నడిపే విండోస్ ప్రోగ్రామ్‌లకి మైక్రోసాఫ్ట్ సంతకమే ఉంటుంది, మోసం వాటి వెనకున్న కమాండ్‌లో ఉంటుంది, లైను చివరిదాకా చదవండి. ఎస్‌వీసీహోస్ట్ (విండోస్ సర్వీసులు నడిపే ప్రోగ్రామ్) అనే పేరు యాప్‌డేటా ఫోల్డర్లో కనిపిస్తే ఇంకేం ఆలోచించక్కర్లేదు, అసలుది ఉండే చోటు విండోస్‌లోని సిస్టమ్32. ప్రాసెస్‌ని చంపితే మళ్లీ లేస్తోందా? దాన్ని లేపే టాస్క్ ఇంకోటి ఉంది. ముందు ఆ టాస్క్‌కి టిక్ తీసి, తర్వాత ప్రాసెస్‌ని చంపండి. రిమోట్ యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి, యూజర్ అకౌంట్ల జాబితాలో కొత్త పేరుందేమో చూడండి.

ఇదంతా చేశాక కూడా ఆ మెషీన్లో బ్యాంకు పని చేయమని నేను చెప్పను. అడ్మిన్ హక్కుతో పరాయివాడు తిరిగిన విండోస్‌లో ఇంకేం పెట్టాడో స్కానర్ మొత్తం చెప్పలేదు. వేరే కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ యూఎస్‌బీ తయారుచేసి, సెటప్‌లో విండోస్ ఉన్న డ్రైవ్ పార్టిషన్లన్నీ తీసేసి కొత్తగా వేసుకోండి. దానికి ముందు ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం దాచుకోండి. ఈఎక్స్‌ఈలు, బ్యాచ్ ఫైళ్లు, మాక్రోలున్న ఫైళ్లు, ఆ పాత సెటప్ జిప్‌లు వెంట తెచ్చుకోవద్దు. సిస్టమ్ రిస్టోర్ దీనికి మందు కాదు. రిస్టోర్ పాయింట్ మీ సొంత ఫైళ్ల జోలికి పోదు, అందుకే డౌన్‌లోడ్స్‌లోని జిప్ అక్కడే నవ్వుతూ కూర్చుంటుంది.

కొనబోయేవాళ్లకి చెప్పేది చిన్నదే. అధికారిక సైట్లో దించుకున్న సీక్లీనర్ (కంప్యూటర్లో చెత్త తుడిచే ప్రోగ్రామ్) 5.33లోనే 2017లో బ్యాక్‌డోర్ దూరింది, అదీ అసలు కంపెనీ సంతకంతో. అలాంటిది ఊరూ పేరూ లేనివాడి పాస్‌వర్డ్ జిప్‌ని నమ్మడం మన తెలివికి పరాకాష్ఠ. యాంటీవైరస్ ఆపమన్నవాడి దగ్గర ఏదీ కొనొద్దు, ఎంత చవకైనా సరే.

ఇంకోటి, రీఫండ్ అడిగినవాళ్లకి వాడు ఒక "క్లెయిమ్ ఫారం" పంపుతున్నాడు. అది కూడా పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లోనే వస్తోంది. తెరవకండి.