ఐదు సీజన్లు నా మణికట్టు మీద ఉన్న రిలీజ్

"అన్నా, కాంపౌండ్ విల్లు కొన్నాను. రిలీజ్ ఏది తీసుకోమంటావు?" అని మిషిగన్‌లోని నోవైలో ఉండే నెల్లూరు తమ్ముడొకడు మొన్న జులైలో ఫోన్ చేశాడు. విల్లు గురించి నెల రోజులు వెతికాడట. రిలీజ్ మాత్రం షాపులో కౌంటర్ దగ్గర కనిపించినది ఏదో ఒకటి తీసుకుందామనుకున్నాడు. ఎనిమిదేళ్ల కిందట నేను చేసిందీ అదే. ఆ తప్పుకు ఒక జింక నొప్పి పడింది. అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక ఇదంతా రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. కాంపౌండ్ అంటే రెండు కొసల్లో కప్పీలుండే విల్లు. దాని నారిని మామూలుగా వేళ్లతో లాగరు. బాణం తగిలించే చోట నారికి ఒక చిన్న తాడు ఉచ్చు కట్టి ఉంటుంది, దాన్ని డీ-లూప్ అంటారు. రిలీజ్ అంటే మణికట్టుకు కట్టుకునే లేదా పిడికిట్లో పట్టుకునే చిన్న పరికరం. దాని కొక్కెం ఆ లూప్‌ను పట్టుకుంటుంది, మీట నొక్కగానే వదిలేస్తుంది. వేళ్లతో లాగితే వదిలే క్షణంలో నారి పక్కకు ఊగుతుంది, బాణం కూడా దాంతోపాటే వంకరగా బయల్దేరుతుంది. రిలీజ్‌తో ఆ ఊగు చాలావరకు పోతుంది.

నేను వేటాడేది మిషిగన్‌లో, లైసెన్సుతో, తెల్లతోక జింకను. ఇక్కడ విల్లు సీజన్ అక్టోబర్ 1 నుంచి నవంబర్ 14 వరకు, మళ్లీ డిసెంబర్ 1 నుంచి జనవరి 1 వరకు. మధ్యలో రెండు వారాలు తుపాకీవాళ్లవి. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం కాబట్టి అక్కడ కాంపౌండ్ అంటే టార్గెట్ ఆట మాత్రమే. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది ఈ రకం విల్లుతోనే. అలాంటి పోటీల వీడియోలు చూస్తే చాలామంది పిడికిట్లో పట్టుకునే రిలీజే వాడుతుంటారు. అది చూసి కొత్తవాళ్లు అదే కొంటారు. చదునైన మైదానంలో, వెలుతురులో, గ్లౌజు లేని చేతికి అది బాగుంటుంది. తెల్లవారుజామున చెట్టు మీద, వేళ్లు కొంకర్లు పోతున్నప్పుడు సంగతి వేరు.

నా మొదటి రిలీజ్ 40 డాలర్లది. మణికట్టుకు వెల్‌క్రో పట్టీ, ముందు రెండు దవడల కొక్కెం, చూపుడువేలికి మీట. 2017, 2018 సీజన్లు దాంతోనే గడిపాను. వెల్‌క్రో గురించి ఎవరూ ముందు చెప్పలేదు. అడవిలో గాలి లేని ఉదయం దాన్ని సరిచేసుకుందామని విప్పితే ఆ బర్రుమనే చప్పుడు ఎంత దూరం పోతుందో! ఓక్ చెట్ల కింద కాయలు ఏరుకుంటున్న రెండు జింకలు ఒకేసారి తల ఎత్తాయి. మరుక్షణం తెల్లతోకలు పైకి లేపి మాయమయ్యాయి.

కానీ అసలు లోపం చప్పుడు కాదు, పొడవు. పట్టీకీ కొక్కేనికీ మధ్య ఉండే కాడ నా చేతికి ఎక్కువైంది. మీట నా వేలి కొసకు మాత్రమే అందేది. వేలి కొసతో మీటను తాకితే మెల్లగా పిండడం కుదరదు, గుచ్చడమే అవుతుంది. విల్లు మీద గురి చూసే పిన్ను లక్ష్యం మీదికి వచ్చీరాగానే "ఇప్పుడే" అని మనసు అరుస్తుంది, వేలు టక్కున గుచ్చుతుంది, భుజం అదురుతుంది. టార్గెట్ పానిక్ అని ఇక్కడివాళ్లు అనేది దీన్నే. పెరట్లో స్పాంజి దిమ్మ మీద ఆ అదురుకు బాణం మూడు నాలుగు అంగుళాలు తప్పుకునేది. నేనది ప్రాక్టీసు లోపం అనుకుని వదిలేశాను.

2018 నవంబర్ మొదటి వారం. సాయంత్రం, 22 గజాల దూరంలో ఒక ఆడజింక పక్కకు తిరిగి నిలబడింది. అంతకన్నా మంచి అవకాశం రాదు. నేను గుచ్చాను. బాణం ఊపిరితిత్తుల్లోకి పోవాల్సింది వెనక పొట్టలోకి పోయింది. జింక వీపు వంచి నాలుగడుగులు మెల్లగా నడిచి రెల్లు దుబ్బుల్లోకి వెళ్లిపోయింది. పొట్టకు తగిలిన జింక వెంట వెంటనే పడకూడదు, పడితే లేచి మైళ్లు పోతుంది. రాత్రంతా ఆగాలి. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మర్నాడు పొద్దున పది గంటలకు దాన్ని కనుక్కున్నాను. అది పడుకున్న చోట గడ్డి మూడు చోట్ల నలిగి ఉంది. అంటే మూడుసార్లు లేచి మళ్లీ పడుకుంది. ఆ మూడు గుర్తులు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉన్నాయి. మాంసం చాలావరకు పాడైంది.

ఆ చలికాలం విల్లు అమ్మేద్దామనుకున్నాను. మా క్లబ్బులో ఒక పెద్దాయన ఆపి, తన టెన్షన్ రిలీజ్ నా చేతిలో పెట్టాడు. దానికి నొక్కే మీటే ఉండదు. పూర్తిగా లాగేదాకా బొటనవేలితో సేఫ్టీని నొక్కి పట్టుకుంటాం, గురి కుదిరాక సేఫ్టీ వదిలేస్తాం, ఆపైన వీపు కండరాలతో ఇంకాస్త లాగుతూ పోతే అదే తెగుతుంది, అంటే నారిని వదిలేస్తుంది. నా విల్లు 60 పౌండ్లది, లెట్-ఆఫ్ 80 శాతం. అంటే పూర్తిగా లాగాక చేతిలో నిలిచే బరువు 12 పౌండ్లే. ఆ రిలీజ్‌ను 15 పౌండ్లకు పెట్టాం. ఎప్పుడు తెగుతుందో తెలియదు కాబట్టి ముందుగా అదరడానికి వీలే లేదు. దిమ్మకు మూడు గజాల దూరంలో నిలబడి, కళ్లు మూసుకుని, రోజుకు 30 బాణాలు. ఫిబ్రవరి నుంచి మే దాకా గురి అన్నదే చూడలేదు. జూన్‌లో కళ్లు తెరిచి 20 గజాలకు వెళ్తే బాణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.

అయినా దాన్ని వేటకు తీసుకెళ్లను. జింక రెండు చెట్ల సందులో ఆగేది రెండు మూడు క్షణాలు. నేను లాగుతూ ఉండగా అది అడుగు ముందుకు వేస్తే బాణం ఎక్కడికి పోతుందో చెప్పలేను. తిప్పితే తెగే హింజ్ రకం మీద కూడా నా అభిప్రాయం ఇదే. పైగా సేఫ్టీ లేని హింజ్ లాగుతుండగానే తెగితే పిడికిలి తిన్నగా మూతికి తగులుతుంది.

2019లో బొటనవేలి మీట ఉన్న రిలీజ్ కొన్నాను, 190 డాలర్లు. పిడికిట్లో హాయిగా ఇమిడింది, దవడ ఎముక కింద చెయ్యి చక్కగా ఆనింది. పెరట్లో నేను వాడినవాటిలో అదే మేలు. డిసెంబర్‌లో ఒక ఉదయం, ఇంకా చీకటిగా ఉండగానే, 18 అడుగుల ఎత్తున మంచె మీద గ్లౌజు తీస్తుంటే జేబులోంచి జారింది. కింద మంచులో మెత్తగా పడ్డ చప్పుడు విన్నాను. దిగి వెతికేసరికి తెల్లారింది, ఆ రోజు అయిపోయింది. (మా తాత ప్రకాశం జిల్లాలో జొన్నచేను మంచె ఎక్కేటప్పుడు వడిసెలను మణికట్టుకు చుట్టుకునేవాడు. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది.) ఇంకో ఇబ్బంది, మందపాటి గ్లౌజులో బొటనవేలికి మీట తగిలిందో లేదో తెలియదు. చలి తక్కువ ఉన్న చోట, టెక్సస్ లాంటి చోట వేటాడేవాళ్లకు ఈ బాధ ఉండదు. వాళ్లు నిశ్చింతగా ఇదే తీసుకోవచ్చు.

2020 నుంచి ఇప్పటిదాకా నాతో ఉన్నది మణికట్టు రకమే. అయితే ఈసారి ఒంటి కొక్కెం, తోలు పట్టీ, బెల్టు బకిల్. 130 డాలర్లు పెట్టాను. స్కాట్, ట్రూ బాల్, కార్టర్, స్పాట్ హాగ్ ఇలా చాలామంది మణికట్టు రిలీజులు చేస్తారు. పేరుకంటే మీ చేతికి కుదరడం ముఖ్యం కాబట్టి నాది ఏదో చెప్పను. బకిల్ ఒకే రంధ్రంలో పెడతాను, కాబట్టి ఎప్పుడూ ఒకే బిగువు. వెల్‌క్రో రోజుకో బిగువులో ఉండేది, దాంతో యాంకర్ (లాగాక చెయ్యి ముఖానికి ఆనే చోటు) కూడా రోజుకో రకంగా మారేది. కాడ పొడవు తగ్గించి, మీట నా చూపుడువేలి రెండో కణుపు దగ్గరికి వచ్చేలా పెట్టాను. కొక్కేన్ని వంచినట్టు వేలిని దాని మీద వంచి, వేలు కదపకుండా మోచేతిని వెనక్కి లాగుతాను. టెన్షన్ రిలీజ్ నేర్పిన పనే ఇక్కడ చేస్తున్నాను. జింక కదిలితే వేలు తీసేస్తాను, అంతే.

ఒంటి కొక్కెం వల్ల పెద్ద లాభం, చూడకుండా తగిలించగలగడం. చూపుడువేలి కొసతో లూప్‌ను తడిమి, కింది నుంచి కొక్కేన్ని పైకి జరిపితే చిన్న చప్పుడు కూడా లేకుండా కూర్చుంటుంది. కళ్లు జింక మీదే ఉంటాయి. రెండు దవడల రకంలో తెరిచి, పెట్టి, మూసుకుందో లేదో చూసుకోవాల్సి వచ్చేది.

లోపాలూ ఉన్నాయి. నారి మీద లాగుడు లేనప్పుడు తెరిచిన కొక్కెం లూప్ నుంచి జారిపోతుంది, తగిలించాక చెయ్యి కాస్త వెనక్కి లాగే ఉంచాలి. మంచె నిచ్చెన ఎక్కేటప్పుడు వేలాడి ఇనుముకు తగులుతుంది. నేను దాన్ని వెనక్కి మడిచి చొక్కా చేతిలోకి దోపుతాను. నూనె వేస్తే చలికి చిక్కబడి కొక్కెం మందగించింది, అప్పటి నుంచి పొడి గ్రాఫైట్ మాత్రమే. కుడిచేతికి పలచని గ్లౌజు వేసుకుని, నడుముకు కట్టుకుని చేతులు దూర్చుకునే సంచిలో దాన్ని వెచ్చగా పెట్టుకుంటాను.

మీట బరువు విషయంలో మాత్రం మొండిగా ఉండండి. షాపులో తేలిక మీటను గొప్పగా చూపిస్తారు. వేలు పూర్తిగా ఆనించినా తెగనంత బరువు ఉంటేనే కొనండి, లేదా అలెన్ కీతో అంత బరువుకు పెట్టించుకోండి. లాగేటప్పుడు వేలు మీట వెనకే ఉండాలి. రకం మార్చారంటే విల్లు మళ్లీ సరిచూసుకోవాల్సిందే. బొటనవేలి రకం నుంచి మణికట్టుకు మారినప్పుడు నా బాణాలు 20 గజాల్లో రెండు అంగుళాలు పక్కకు పడ్డాయి, పీప్ (నారిలో కంటికి ఎదురుగా ఉండే చిన్న రంధ్రం) కూడా కొంచెం పైకి జరపాల్సి వచ్చింది. సీజన్ వారంలో మార్చొద్దు.

ఈ ఐదు సీజన్లలో దీంతో ఏడు జింకలను కొట్టాను. బాణం తగిలాక ఏదీ 80 గజాలు దాటి పోలేదు. 25 గజాలు దాటితే నేను వెయ్యను, అది కూడా ఒక కారణం.

ఆ నెల్లూరు తమ్ముణ్ని ఆదివారం మా ఇంటికి రమ్మన్నాను. నా పాత టెన్షన్ రిలీజ్ అతని కోసం తీసి పెట్టాను. నా తోలు పట్టీ రంధ్రం సాగింది, పక్కన కొత్తది వేయించాలి. డీ-లూప్ నూలు లేస్తోంది, అక్టోబర్ 1 లోపు అదీ మార్చాలి.