హంతకుడు దొరకని వీధుల్లో: వైట్‌చాపెల్, స్టాక్‌హోమ్, ఫాల్ రివర్

1888 సెప్టెంబర్ 30, రాత్రి ఒంటిగంటన్నర. లండన్ మైటర్ స్క్వేర్‌లో గస్తీ తిరుగుతున్న కానిస్టేబుల్ ఎడ్వర్డ్ వాట్‌కిన్స్‌కు ఎవరూ కనబడలేదు. 1 గంట 44 నిమిషాలకు అతడు తన చుట్టు పూర్తిచేసుకుని తిరిగి వచ్చేసరికి ఆ చౌకు మూలన కాథరిన్ ఎడ్డోస్ శవం పడి ఉంది. మధ్యలో గడిచినవి 14 నిమిషాలు. జాక్ ద రిప్పర్ అనే మారుపేరు తప్ప హంతకుడి అసలు పేరు ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తేలని హత్యలు జరిగిన చోట్లను వెతుక్కుంటూ లండన్, స్టాక్‌హోమ్, అమెరికాలోని ఫాల్ రివర్, విలిస్కా తిరిగి వచ్చాక నాకు బోధపడింది ఇదే: ప్రతి కేసులోనూ ఎవరూ చూడని కొద్దిపాటి సమయం ఒకటి ఉంటుంది. ఆ నేల మీద నిలబడి చూస్తే ఆ సమయంలో జరిగినది మనకైనా అందుతుందేమోనన్న ఆశే ఇన్నేళ్ళుగా జనాన్ని అక్కడికి రప్పిస్తోంది. అందుచేత ఆ సమయాన్ని ఎంత బాగా చూపిస్తుందన్నదాన్ని బట్టి, అందులో ప్రాణం కోల్పోయినవారిని ఎంత మర్యాదగా తలుస్తుందన్నదాన్ని బట్టి ప్రతి చోటునూ తూచి చూశాను.

రిప్పర్ అయిదుగురు స్త్రీలను చంపాడంటారు. ఆ హత్యలతో పేరుపడ్డ లండన్ పేట వైట్‌చాపెల్ చూడాలనుకునేవారు ఆల్డ్‌గేట్ ఈస్ట్ స్టేషన్ పరిసరాల్లో బస చూసుకుంటే చాలు, అన్నీ నడిచి వెళ్ళగలిగే దూరంలోనే ఉంటాయి. అయితే చూడడానికి మిగిలింది తక్కువ. ఆనీ చాప్మన్ శవం దొరికిన హాన్‌బరీ వీధి 29వ నంబరు ఇల్లు ఎప్పుడో పడగొట్టారు. మేరీ జేన్ కెల్లీ హత్య జరిగిన మిల్లర్స్ కోర్టు లేదు, అది ఆనుకుని ఉన్న డార్సెట్ వీధి కూడా ఇప్పుడు లేదు. మేరీ ఆన్ నికల్స్ శవం కనబడిన బక్స్ రో పేరు మార్చుకుని డర్వర్డ్ వీధిగా వైట్‌చాపెల్ స్టేషన్ వెనుక ఉంది. క్రైస్ట్ చర్చి పక్కన ఉన్న టెన్ బెల్స్ పబ్ మాత్రం నిలిచి ఉంది. 1976 నుంచి 1988 వరకు దానికి హంతకుడి పేరే పెట్టారన్న సంగతి తెలిశాక లోపలికి వెళ్ళి కూర్చోవాలనిపించలేదు. కేబుల్ వీధిలో 2015లో తెరిచిన మ్యూజియం విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. మహిళల చరిత్రకు నెలవవుతుందని చెప్పి అనుమతి పొందిన ఆ భవనం తీరా రిప్పర్ పేరుతో తెరుచుకోవడంతో దాని ముందు నిరసనలు జరిగాయి.

భవనాలు లేని లోటును తీర్చేది సాయంకాలపు నడక యాత్రలే కనుక, ఇక్కడ మన అనుభవమంతా గైడు చేతిలో ఉంటుంది. నేను మొదట వెళ్ళిన బృందంలో గైడు గాయాల ఫొటోలు గోడ మీద వేసి చూపిస్తూ, మధ్యమధ్య చలోక్తులు విసురుతూ రెండు గంటలు గడిపాడు. మరణించిన స్త్రీల పేర్లు ఒక్కసారైనా పూర్తిగా పలకలేదు. తరువాత మరొక గైడుతో వెళ్ళినప్పుడు అవే వీధులు వేరుగా కనిపించాయి. నికల్స్ ఆ రాత్రి ఎందుకు వీధిలో ఉందో ఆమె వివరించింది: సత్రంలో పడకకు ఇవ్వవలసిన నాలుగు పెన్నీలు లేక, కొత్త టోపీ పెట్టుకున్నాను కదా, ఆ డబ్బు ఇట్టే సంపాదించుకొస్తానని చెప్పి బయటికి వెళ్ళిందట. ఎడ్డోస్ ఆ రాత్రి తాగి పడిపోయి బిషప్స్‌గేట్ పోలీస్ స్టేషన్‌లో ఉండి, ఒంటిగంట ప్రాంతంలో విడుదలైంది. ఆమె వద్ద దొరికిన వస్తువుల జాబితాను గైడు మైటర్ స్క్వేర్‌లోనే చదివి వినిపించింది: ఒక డబ్బాలో టీపొడి, ఇంకొక దానిలో చక్కెర, ఆరు సబ్బు ముక్కలు, ఒక్కటే ఎర్రని చేతితొడుగు. ఇల్లంటూ లేని మనిషి తన సంసారమంతా ఒంటిమీదే మోసుకు తిరిగిందని తెలిశాక, ఆ 14 నిమిషాలు పజిలుగా కాక ఒక ప్రాణం పోయిన సమయంగా మనసుకు తాకాయి. అందువల్ల నడక యాత్ర కుదుర్చుకునే ముందు వారి వివరణ పత్రం చదవండి. అందులో ఆ అయిదుగురు స్త్రీల పేర్లు లేకపోతే ఆ డబ్బు దండగే.

స్టాక్‌హోమ్‌లో టికెట్టూ గైడూ అవసరం లేదు. హోటోర్యెట్ మెట్రో స్టేషన్ దగ్గర్లో ఏ మామూలు హోటల్లో దిగినా సరిపోతుంది. 1986 ఫిబ్రవరి 28 రాత్రి స్వీడన్ ప్రధానమంత్రి ఓలోఫ్ పాల్మే అంగరక్షకులు లేకుండా భార్యతో కలిసి గ్రాండ్ థియేటర్‌లో సినిమా చూసి, స్వెయావేగెన్ వీధి వెంట నడిచి వెళ్తుండగా, టున్నెల్‌గాటన్ మూలన ఒకడు వెనుకనుంచి కాల్చి చంపాడు. కాలిబాటలో నేలకు సమంగా పొదిగిన చిన్న ఫలకం తప్ప అక్కడ ఇంకేమీ లేదు. అక్కడినుంచి హంతకుడు పరుగెత్తిన సందులోకి తిరిగితే, చివరన నిటారుగా మెట్లు కనిపిస్తాయి. వాటిని ఎక్కి పైనుంచి వెనుదిరిగి చూస్తే ఒక రాజధాని నడిబొడ్డున, సాక్షుల కళ్ళెదుటే మనిషి ఎలా మాయమయ్యాడో కొంతవరకు అర్థమవుతుంది. పోలీసులు తాడు కట్టి మూసిన స్థలం ఎంత చిన్నదంటే, తూటాలు రెండూ తరువాతి రోజుల్లో దారిన పోయేవారికి దొరికాయి. ఒకడికి 1989లో శిక్ష పడి అప్పీలులో కొట్టివేయబడింది. 2020లో ప్రాసిక్యూటర్ అప్పటికే చనిపోయిన వేరొక వ్యక్తి పేరు చెప్పి కేసు మూసివేశాడు. తుపాకి ఇప్పటికీ దొరకలేదు. పాల్మే సమాధి అదే వీధిలోని అడోల్ఫ్ ఫ్రెడ్రిక్ చర్చి ఆవరణలో, కొద్ది నిమిషాల నడకలో ఉంది. మరణించిన మనిషికి ఇవ్వవలసిన గౌరవంలో ఈ ఊరికి నేను మొదటి స్థానం ఇస్తాను.

అయినా రహస్యం మనిషిని ఎంతగా పట్టుకోగలదో తెలియాలంటే ఫాల్ రివర్‌లోని బోర్డెన్ల ఇంటికే వెళ్ళాలి. బోస్టన్‌కు దక్షిణంగా సుమారు 80 కిలోమీటర్ల దూరం; 2025 మార్చి నుంచి రైలు కూడా నడుస్తోంది. 1892 ఆగస్టు 4 ఉదయం ఈ ఇంటి మేడ గదిలో ఆబీ బోర్డెన్, తరువాత దాదాపు గంటన్నరకు కింద సోఫా మీద ఆమె భర్త ఆండ్రూ గొడ్డలి దెబ్బలకు చనిపోయారు. ఇంట్లో ఉన్నదల్లా ఆండ్రూ చిన్న కూతురు లిజీ, పనిమనిషి బ్రిజెట్ సలివాన్. విచారణ జరిగి 1893 జూన్‌లో లిజీ నిర్దోషిగా విడుదలైంది. ఆ తరువాత వేరెవరి మీదా కేసు నడవలేదు.

పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా అర్థం కానిది ఈ ఇంటి లోపల అడుగుపెట్టగానే తెలుస్తుంది. ఇల్లు అంత ఇరుకు. కింద గదిలోంచి గదిలోకే దారి. మేడ మీద ముందు భాగానికీ వెనుక భాగానికీ మధ్య తలుపు గడియ వేసి ఉండేది కనుక మెట్లు వేరు, దారులు వేరు. ముందు మెట్లు సగం ఎక్కాక ఒక మెట్టు దగ్గర గైడు మమ్మల్ని ఆపి తల ఎడమవైపు తిప్పమన్నాడు. కన్ను సరిగ్గా మేడగది నేల మట్టానికి వచ్చింది, మంచం కింది నుంచి అవతలి ఖాళీ అంతా కనిపించింది. పొరుగింటి అడిలేడ్ చర్చిల్ ఆ రోజు అలా మెట్లెక్కుతూనే ఆబీ శవాన్ని చూసింది. ఆండ్రూ ఇంటికి వచ్చినప్పుడు లిజీ మేడ మీదనుంచి నవ్వడం విన్నానని బ్రిజెట్ సాక్ష్యం చెప్పింది. ఆ మెట్ల మీద నిలబడినవారెవరికైనా ఆ మాట మనసులోంచి పోదు. మరి ఆ గంటన్నరసేపు బయటివాడొకడు ఇంత చిన్న ఇంట్లో ఎక్కడ దాక్కున్నాడు? లిజీయే అయితే, రెండోసారి రక్తం మరక లేకుండా అంత త్వరగా ఎలా బయటపడింది? ఈ రెండు ప్రశ్నలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ ఇంట్లో ఉన్నంతసేపూ నేను రెండు పక్షాలకూ మారిమారి ఓటు వేస్తూనే ఉన్నాను.

1996 నుంచి ఇక్కడ రాత్రి బస చేసే వీలుంది. ఆబీ చనిపోయిన గదినే ఎక్కువమంది కోరుకుంటారు. సోఫాతో సహా సామాను చాలావరకు ఆ కాలపు పోలికలో సమకూర్చినదే తప్ప అసలుది కాదు. దయ్యాల ముచ్చట్లంటే ఇష్టమున్నవారికి రాత్రి బస బాగుండవచ్చు. కేసు మీద ఆసక్తి ఉన్నవారికి పగటి టూరు చాలు. అసలు సాక్ష్యాలు, పిడి విరిగిన గొడ్డలి సహా, ఊరి హిస్టారికల్ సొసైటీలో ఉన్నాయి. అక్కడివారు దేనినీ పెంచి చెప్పరు, ఎవరినీ దోషిగా నిలబెట్టరు, అడిగిన ప్రతిదానికీ ఓపికగా జవాబిస్తారు. తండ్రి, సవతి తల్లి, లిజీ ముగ్గురూ ఓక్ గ్రోవ్ శ్మశానంలో ఒకే కుటుంబ స్థలంలో ఉన్నారు.

అయోవా రాష్ట్రంలోని విలిస్కాకు వెళ్ళమని మాత్రం చెప్పలేను. 1912 జూన్‌లో ఒక్క రాత్రిలో ఎనిమిదిమంది, వారిలో ఆరుగురు పిల్లలు, గొడ్డలితో హతులైన ఇల్లది. హంతకుడు అద్దాలకు గుడ్డలు కప్పి వెళ్ళాడు. 1917లో ఒక పాస్టరు మీద రెండుసార్లు విచారణ జరిగినా నేరం రుజువు కాలేదు. కరెంటు, నీళ్ళు లేని ఆ ఇంటిని దయ్యాల కోసం వచ్చేవారికి రాత్రిపూట వందల డాలర్లకు అద్దెకిస్తారు. పిల్లలు నిద్రలో చనిపోయిన గదిలో వినోదం కోసం పడుకోవడానికి నాకు మనసొప్పలేదు. పగలు చూసి వచ్చేశాను.

ఒక్క చోటికే వెళ్ళే వీలుంటే ఫాల్ రివర్ ఎంచుకోండి. బోర్డెన్ ఇల్లు ఉదయం చూసి, మధ్యాహ్నమంతా హిస్టారికల్ సొసైటీకి కేటాయించండి. దాని వేళలు కాలాన్ని బట్టి మారతాయి కనుక ముందే కనుక్కుని బయలుదేరండి. లండన్ ఎటూ వెళ్తున్నవారైతే ఒక సాయంత్రం వైట్‌చాపెల్‌కు ఇవ్వవచ్చు, గైడును ఎంచుకోవడంలో మాత్రం తొందరపడవద్దు.