త్రె చీమె: పైచుట్టు మేలా, లోయచుట్టు మేలా?

పోయిన సెప్టెంబరులో ఇటలీ ఉత్తరాన డోలమైట్స్ కొండల్లో వారం రోజులు తిరిగి వచ్చాను. అప్పటినుంచి వైట్‌ఫీల్డ్‌లో మా ఆదివారం నడక బృందంలో ఎవరు ఎదురుపడినా ఒకటే ప్రశ్న: “మాకు ఒక్క రోజే ఉంటుంది, బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. పైచుట్టు వెళ్లమంటారా, లోయచుట్టు వెళ్లమంటారా?” చెన్నైలో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఇదే సంగతి మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ మూడు రకాలుగా చెప్పానట. అందుకే ఈసారి కుదురుగా కూర్చుని రాస్తున్నాను.

త్రె చీమె అంటే ఆ కొండల్లోని మూడు శిఖరాలు. మా ఆవిడ విమానం దిగకముందే వాటికి ‘మూడు చీమలు’ అని పేరు పెట్టేసింది. నడిమి చీమ ఎత్తు 2999 మీటర్లు. ఎవరైనా పైన ఒక బండరాయి పెట్టి వస్తే మూడు వేలు అయ్యేది కదా అని ఇప్పటికీ నాకు అనిపిస్తూనే ఉంటుంది.

పైచుట్టు అంటే మిజురీనా సరస్సు వైపునుంచి రుసుము రోడ్డు ఎక్కి, 2320 మీటర్ల దగ్గరున్న ఔరోంజో సత్రం దాకా వాహనంలో వెళ్లి, ఆ మూడు శిఖరాల చుట్టూ నడిచి రావడం. సుమారు 10 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 400 మీటర్ల చిల్లర. లోయచుట్టు ఉత్తరం వైపు సెస్టో ఊరి పక్కనున్న ఫిస్కలీనా లోయలో, 1454 మీటర్ల దగ్గర మొదలవుతుంది. కొమీచి, పియాన్ ది చెంజా, లొకాటెల్లి అనే మూడు సత్రాలను తాకి, మరో లోయగుండా దిగి అక్కడికే చేరుతుంది. 17 కిలోమీటర్లకు పైనే, ఎక్కుడు దాదాపు 1200 మీటర్లు. ఇది త్రె చీమెను చుట్టిరాదు, ఎదురుగా నిలబెట్టి చూపిస్తుంది. చుట్టూ తిరిగామన్న తృప్తే కావాలనుకునేవారికి ఇక్కడే జవాబు దొరికినట్టే.

అక్కడివాళ్లు రిఫుజియో అనేదాన్ని నేను సత్రం అంటున్నాను. అంతకంటే సరైన మాట నాకు దొరకలేదు. రాతి కట్టడం, వరసగా పడకలు, వేడి సూప్, తడిసిన బూట్ల వాసన. ఇంకో తికమక కూడా ఉంది. మొదటి ప్రపంచయుద్ధం దాకా ఈ లోయ ఆస్ట్రియాది కాబట్టి ప్రతి చోటికీ ఇటాలియన్‌లో ఒక పేరు, జర్మన్‌లో ఒక పేరు ఉంటాయి. కొమీచి సత్రమే జిగ్మొండి, లొకాటెల్లి సత్రమే డ్రై త్సిన్నెన్. బాగేపల్లి దగ్గర ఒకే ఊరిని రెండు లిపుల్లో చదివినవాళ్లకు ఇది పెద్ద కష్టం కాదు గానీ, ఫోనులో ఒక పేరు, బోర్డు మీద మరో పేరు చూసి మా బావమరిది ఒకసారి తప్పు బస్సు ఎక్కబోయాడు. మ్యూనిక్‌లో ఆరేళ్లుగా ఉంటున్న మనిషి!

పైచుట్టు గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు, అది బాగుంటుంది. సత్రం దగ్గరినుంచి లవరేదో కనుమ దాకా బండి వెళ్లేంత వెడల్పు దారి. 2454 మీటర్ల ఆ కనుమ ఎక్కగానే ఉత్తరపు గోడలు ఒక్కసారిగా కళ్ల ముందుకు వస్తాయి. నడిమి శిఖరపు ఆ నిలువు గోడను 1933లో ఎమీలియో కొమీచి, దిమాయ్ సోదరులు మొదటిసారి ఎక్కారు. కింద నిలబడి చూస్తుంటే మెడ పట్టేస్తుంది. ఆ తర్వాత లొకాటెల్లి, కాస్త దిగుడు, కాస్త ఎక్కుడు, ఒక పశువుల కొట్టం దగ్గర మజ్జిగ, మళ్లీ కారు. మా ఆవిడ నాలుగు గంటల్లో హాయిగా నడిచింది. పిల్లలతో వెళ్లేవారికీ, మోకాళ్లు మొరాయించేవారికీ వేరే ఆలోచన అక్కర్లేదు. చిక్కల్లా జనం. ఇంకొకటి, 2025 వేసవి నుంచి ఆ రోడ్డు మీద కారుకు ముందే ఆన్‌లైన్‌లో చోటు బుక్ చేసుకోవాలి. పొద్దున్నే లేచి వెళ్లిపోతే దొరుకుతుందిలే అనుకునే మన పద్ధతి అక్కడ నడవదు.

ఇక కష్టం లెక్క. 1200 మీటర్లంటే ఎంత అని అందరూ అడుగుతారు. అలిపిరి మెట్లు దాదాపు రెండుసార్లు ఎక్కినంత. మేముండే పద్నాలుగు అంతస్తుల భవనాన్ని అంతస్తుకు మూడు మీటర్ల చొప్పున లెక్కవేస్తే, మెట్లమీద దాదాపు ఇరవై తొమ్మిదిసార్లు పైకి వెళ్లాలి. కుక్కె నుంచి కుమార పర్వతం ఒక్క రోజులో ఎక్కి దిగినవారికి ఇంతకంటే ఎక్కువ ఎక్కుడే అలవాటై ఉంటుంది, భయపడనక్కర్లేదు. నంది కొండకు కారులో వెళ్లి ఫొటోలు దిగి వచ్చేవారు మాత్రం ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోకండి.

సమయానికి జర్మన్లు వాడే లెక్క ఒకటి ఉంది, మన కాళ్లకు కూడా బాగానే సరిపోతుంది. గంటకు 300 మీటర్ల ఎక్కుడు, 500 మీటర్ల దిగుడు, చదునులో 4 కిలోమీటర్లు. ఎక్కుడు దిగుళ్ల సమయం ఒకపక్క, దూరం సమయం మరోపక్క వేసి, పెద్దదానికి చిన్నదానిలో సగం కలపాలి. పైచుట్టుకు మూడున్నర గంటలు దాటుతుంది. లోయచుట్టుకు ఎనిమిదిన్నర వస్తుంది. దారిలో బోర్డుల మీది గంటలు కూడితే ఏడు లోపే ఉంటుంది, కానీ ఆ బోర్డులు రాసినవాళ్లు ఆ కొండల్లో పుట్టినవాళ్లు.

ఇంతవరకూ ఎవరైనా చెబుతారు. నా మట్టుకు ఈ రెండింటినీ వేరు చేసేది దూరమూ కాదు, ఎత్తూ కాదు. వెనక్కి తిరిగే చోటు ఎక్కడుంది అన్నదే.

వెళ్లిన దారినే తిరిగి వచ్చే నడకలో ఈ బాధ లేదు. ఎప్పుడు అలసిపోతే అప్పుడు వెనక్కి తిరుగుతాం, నడిచినంతే మిగులుతుంది. చుట్టులో అలా కాదు. ఒక చోటు దాటాక వెనక్కి వెళ్లినా ముందుకు వెళ్లినా ఒకటే అవుతుంది, అక్కడినుంచి మన చేతిలో ఏమీ ఉండదు. అరుణాచలం గిరిప్రదక్షిణలో పద్నాలుగు కిలోమీటర్లూ రోడ్డే, సగంలో కాలు పట్టేస్తే ఆటో ఎక్కవచ్చు. ఇక్కడ సగం దూరం అంటే మేఘాల ఎత్తులో రాళ్లగుట్ట.

పైచుట్టులో ఆ చోటు లొకాటెల్లి సత్రం. అటు వెళ్లినా ఇటు వెళ్లినా గంటన్నర, రెండు గంటలు. కాబట్టి అక్కడ నిర్ణయం తీసుకోవలసిన అవసరమే రాదు. లోయచుట్టులో అది 2528 మీటర్ల దగ్గరున్న పియాన్ ది చెంజా, ఆ రోజు మనం చేరే అత్యంత ఎత్తైన చోటు. చిన్న చెక్క ఇల్లు, నాలుగు బల్లలు. అక్కడినుంచి వెనక్కి దాదాపు మూడు గంటలు, ముందుకు మూడు గంటల చిల్లర. అంటే అక్కడికి చేరాక వెనక్కి తిరగడంలో లాభం లేదు. నిర్ణయం అంతకుముందే, కొమీచి సత్రం దగ్గరే జరిగిపోవాలి. 2224 మీటర్లు, వెనకాల 3094 మీటర్ల ‘పన్నెండు’ శిఖరం నిలువునా లేచి ఉంటుంది, కూర్చుంటే లేవబుద్ధి కాదు.

పన్నెండు అని ఊరికే అనలేదు. సెస్టో ఊరినుంచి చూస్తే సూర్యుడు ఏ శిఖరం మీదికి వస్తే అన్ని గంటలైనట్టు, తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, ఒకటి అని కొండలకు పేర్లు పెట్టుకున్నారు. లోయచుట్టు సరిగ్గా ఆ ‘ఒకటి’ శిఖరం, చీమా ఊనా చుట్టూ తిరుగుతుంది. 2007 అక్టోబరులో దాని అంచు ఒకటి విరిగిపడి లోయంతా దుమ్ము కమ్మేసింది. ఆ పాలిపోయిన మచ్చ దారి పొడుగునా కనిపిస్తూ ఉంటుంది. వేసవిలో ఈ కొండల్లో మధ్యాహ్నం దాటాక మబ్బు కట్టి ఉరుములు రావడం మామూలే. అందుకని నేను పెట్టుకున్న షరతు ఇది: పదకొండున్నరకల్లా కొమీచి చేరకపోతే సూప్ తాగి, వచ్చిన దారినే దిగిపోవడం. మా బావమరిదితో ముందురోజు రాత్రే ఒప్పించుకున్నాను. కొండమీద ఒప్పించడం ఎవరివల్లా కాదు.

ఏ వైపునుంచి తిరగాలన్నది కూడా ఇందులోనే తేలిపోతుంది. ముందు కొమీచి ఎక్కి చివర లొకాటెల్లి నుంచి దిగితే సవ్యదిశ, మన ప్రదక్షిణ దిశ. మొదట ఎక్కుడంతా అయిపోతుంది, కాళ్లలో ఎంత మిగిలిందో మధ్యాహ్నానికే తెలిసిపోతుంది. అపసవ్యంగా వెళితే లొకాటెల్లి ముందు వస్తుంది, ఆ తర్వాత అలసిన కాళ్లతో, మబ్బు కట్టే వేళకు మళ్లీ పియాన్ ది చెంజాకు ఎక్కాలి. అపసవ్యానికి ఒక్క మేలు ఉంది, ఒప్పుకోవాలి. వాతావరణం చెడి సగంలో వెనక్కి తిరిగినా మూడు శిఖరాల దర్శనం అప్పటికే అయిపోయి ఉంటుంది. సవ్యంలో వెళ్లి కొమీచి దగ్గర వెనక్కి తిరిగితే వాటిని చూడనే చూడం. (పైచుట్టును మాత్రం దాదాపు అందరూ శిఖరాలను ఎడమచేతి వైపు ఉంచుకుని, అపసవ్యంగానే తిరుగుతారు. ఈ సంగతి చెప్పగానే మా అమ్మ, “అంత డబ్బు పోసి వెళ్లి అప్రదక్షిణం చేసి వచ్చారా?” అంది.)

మేము ఏడున్నరకు లోయలో బయలుదేరాం. మొదటి అరగంట పచ్చికలో చదునుగా వెళ్లి, దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపు కొమీచి. అక్కడినుంచి మలుపుల మీద మలుపులు. పదకొండు పదికి సత్రం చేరాను, ఇరవై నిమిషాలు మిగిలాయి. బావమరిది అప్పటికే కాఫీ తాగేసి కూర్చున్నాడు. “బావా, నీ షరతు నీకే తగిలేలా ఉంది” అన్నాడు. పైకి వెళ్లేది గులకరాళ్ల దారి, రెండడుగులు వేస్తే అరడుగు జారుతుంది. పియాన్ ది చెంజా దగ్గర పన్నెండు ముప్పావు. అప్పటికి పడమటనుంచి మబ్బు లేచింది. పులిహోర డబ్బా తెరవాలని ఎంత ఉన్నా తెరవలేదు.

లొకాటెల్లి వైపు దారి పాతెర్నో కొండ పక్కగా సాగుతుంది. 1915 నుంచి రెండేళ్లపాటు ఇటలీ, ఆస్ట్రియా సైన్యాలు ఇక్కడ ఎదురెదురుగా కూర్చున్నాయి. ఇప్పుడున్న లొకాటెల్లి తర్వాత కట్టింది, పాతది ఆ యుద్ధం మొదట్లోనే ఫిరంగి గుళ్లకు కాలిపోయింది. మేము గుమ్మంలోకి అడుగుపెట్టగానే మొదటి ఉరుము. నలభై నిమిషాలు లోపలే. వాన వెలిశాక తలుపు తీస్తే మూడు శిఖరాలూ తడిసి నల్లగా, ఆవిరి కక్కుతూ నిలబడి ఉన్నాయి. రెండు రోజుల ముందు పైచుట్టులో చూసినవి ఇవేనంటే నమ్మబుద్ధి కాలేదు. పైచుట్టులో వాటి దగ్గరికి వాహనంలో వెళ్లాను, ఈసారి ఆరు గంటలు నడిచాను. నా మొగ్గు ఎటో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

దిగుడు దగ్గర మాత్రం ఎవరికీ అబద్ధం చెప్పను. లొకాటెల్లి నుంచి లోయ అడుగుకు 950 మీటర్లు, మొదట్లో రెండు చిన్న సరస్సులు, ఆపైన అంతా మోకాళ్ల మీదే. నడక కర్రలు లేకుండా వెళ్లకండి. బెంగళూరులో మెట్లు ఎక్కడం సాధన చేసేవాళ్లంతా దిగేటప్పుడు లిఫ్ట్ ఎక్కుతారు, నేనూ అదే చేశాను. అయిదుంపావుకు బస్సు దగ్గరికి చేరాం, మర్నాడు మంచం మీదినుంచి లేవడానికి గోడ పట్టుకున్నాను.

శాకాహారులకు ఒక మాట. బార్లీ సూప్ అనగానే ఊరట పడకండి, అందులో తరచుగా పంది మాంసం ముక్కలు ఉంటాయి, అడిగి తీసుకోండి. పైన ఊటలు తక్కువ, సత్రాల్లో కూడా నీళ్లు సీసాల్లో కొనుక్కోవాలి, రెండు లీటర్లు కిందినుంచే మోసుకెళ్లండి. నగదు ఉంచుకోండి. ఆపదలో నంబరు 112. సిగ్నల్ లేకపోతే ఈలతోనో టార్చితోనో నిమిషానికి ఆరుసార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరుసార్లు. లొకాటెల్లి దాకా వచ్చి ఇక దిగలేమనిపిస్తే ఔరోంజో వైపు నడిచిపోవచ్చు. వేసవిలో అక్కడినుంచి టోబ్లాక్ అనే ఊరికి బస్సు ఉంటుంది, కాకపోతే మన సామాను ఇంకో లోయలో ఉండిపోతుంది.

అమెరికాలో డెన్వర్‌లో ఉన్నవాళ్లు అక్కడి డెకాలిబ్రాన్ అనే కొండచుట్టు సంగతి అడిగారు. పదకొండు కిలోమీటర్లే అయినా మొదలయ్యేదే 3660 మీటర్ల దగ్గర, లింకన్ శిఖరం 4350 దాటుతుంది. అది ఊపిరికి పరీక్ష, ఈ పోలికలోకి రాదు. స్విట్జర్లాండ్‌లో ఓషినెన్ సరస్సు పైచుట్టు అందంగా ఉంటుంది, కుటుంబంతో వెళ్లడానికి బాగుంటుంది, అంతే. హిమాలయాల్లో చూసుకోవచ్చు కదా అంటారా, ఒక్క రోజులో చుట్టి బయలుదేరిన ఊరికే చేర్చే ఇంత ఎత్తు దారి నా నడకల్లో ఇంతవరకు తగల్లేదు.

చెన్నై తమ్ముడికి నా నాలుగో జవాబు: నువ్వు సవ్యదిశలో లోయచుట్టు వెళ్లు, మరదలినీ పిల్లలనూ పైచుట్టుకు పంపు, లొకాటెల్లి దగ్గర కలుసుకోండి. పదకొండున్నరకు కొమీచి చేరకపోతే మాత్రం ఆమెకు ఫోను చేసి, ఎదురుచూడవద్దని చెప్పు.