ఆర్వీ క్యాంపింగ్ ఏ వయసులో ఎవరికి: జయాన్ నుంచి ఎల్లోస్టోన్ దాకా మా అనుభవం

పడకలు, వంటగది, స్నానాలగది అన్నీ ఒకే బండిలో ఉండే ఆర్వీని అద్దెకు తీసుకొని అమెరికాలోని జాతీయ ఉద్యానవనాలు చూడటాన్ని మనవాళ్ళలో చాలామంది కుర్రకారు సరదాగానో, రిటైరైన అమెరికన్ల వ్యాపకంగానో భావిస్తారు. మా అనుభవం అందుకు భిన్నంగా ఉంది. ఈ బండి విలువ మాకు బాగా తెలిసివచ్చింది పాప చంటిపిల్లగా ఉన్నప్పుడు, తరువాత మా అత్తగారినీ మామగారినీ వెంట తీసుకువెళ్ళినప్పుడు. మధ్య వయసులో, బడికి వెళ్ళే పిల్లతో తిరిగినప్పుడు మాత్రం పెట్టిన డబ్బుకు తగిన ఫలితం దక్కలేదు.

2012లో పాపకు ఏడాది దాటిన కొత్తలో, లాస్ వేగస్‌లో 25 అడుగుల బండిని అద్దెకు తీసుకొని యూటాలోని జయాన్‌కు వెళ్ళాము. అక్కడి వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు సదుపాయం ఉన్న స్థలాలు దొరుకుతాయి. బండిని అక్కడ నిలిపి, లోయలోకి ఉచిత షటిల్ బస్సులో వెళ్ళి, పాపకు నిద్ర వేళయ్యేసరికి తిరిగి వచ్చేవాళ్ళము. పాలు వేడి చేయడానికీ, బట్టలు మార్చడానికీ, మధ్యాహ్నం పడుకోబెట్టడానికీ ఎవరినీ అడగనక్కరలేని సుఖం ఏ హోటల్లోనూ దొరకలేదు. చంటిపిల్లలున్నవారు ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. కారు సీటును ముందువైపుకు తిరిగి ఉండి, బెల్టు సదుపాయం ఉన్న సీటు మీదే బిగించాలి. పక్కకు తిరిగి ఉండే సోఫా మీద బిగించకూడదు. ఆ సంగతి బండి బుక్ చేసేటప్పుడే అడిగి నిర్ధారించుకోవాలి. అక్కడినుంచి బ్రైస్ కాన్యన్ వెళ్ళే దారిలో 1930 నాటి సొరంగం వస్తుంది. మా బండి వెడల్పుకు ఎదురు వాహనాలను ఆపి పంపవలసి వచ్చింది కాబట్టి 15 డాలర్లు కట్టాము.

2021 వేసవిలో మోంటానాలోని గ్లేషియర్‌కు వెళ్ళాము. పాప నాలుగో తరగతి చదివిన ఏడాది కావడంతో ఆ తరగతి పిల్లలకిచ్చే ఉచిత పాసు మీద ప్రవేశ రుసుము తప్పింది. కానీ ఆ ఉద్యానవనానికి ప్రాణమైన గోయింగ్ టు ది సన్ రోడ్డు మీద, కొండ ఎక్కే భాగంలోకి 21 అడుగులు దాటిన బండిని అనుమతించరు. మాది 28 అడుగులు. రోజుకు రెండు వందల డాలర్లకు పైగా అద్దె కడుతున్న బండిని క్యాంప్‌గ్రౌండ్‌లో వదిలిపెట్టి, పైకప్పు తెరుచుకునే ఎర్ర బస్సులకు మళ్ళీ టికెట్లు కొనవలసి వచ్చింది. 1930ల నాటి ఆ బస్సులు ముచ్చటగా ఉన్నాయి, ఆ ప్రయాణాన్ని ఎవరికైనా సిఫారసు చేస్తాను. అయితే చురుగ్గా నడవగల పదేళ్ళ పిల్లకూ, నలభై దగ్గరపడుతున్న మాకూ ఒక కారు, ఒక గుడారం సరిపోయేవి. పాపకు మాత్రం డ్రైవరు తల మీద ఉండే పడక ఎంతో నచ్చింది, ఆ వారమంతా అక్కడినుంచి దిగడానికి ఇష్టపడలేదు.

2024 జూన్‌లో భీమవరం నుంచి అత్తగారూ మామగారూ వచ్చినప్పుడు ఎల్లోస్టోన్ చూపించాలనుకున్నాము. మామగారికి డెబ్బై నాలుగేళ్ళు, మధుమేహం ఉంది, రాత్రి మూడు నాలుగు సార్లు లేవాలి. దారిలో గంటకొకసారి బాత్‌రూం వెతుక్కోవాలన్న బెంగతో ఆయన అంతకుముందు మా ప్రయాణాలన్నిటికీ, "మీరు వెళ్ళి రండమ్మా, నేను ఇంట్లో ఉంటాను" అనేవారు. ఆ మాట ఈసారి వినకూడదని సాల్ట్ లేక్ సిటీలో 30 అడుగుల బండిని తీసుకున్నాము. వెనుక భాగంలో, రెండు పక్కలా దిగడానికి వీలున్న పెద్ద మంచం, దానికి నాలుగడుగుల దూరంలో టాయిలెట్ ఉండేలా చూసి ఎంచుకున్నాము. పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి బండి పొడవుకన్నా ఈ అమరికే ముఖ్యం. గోడకు ఆనుకొని ఉండే మూల మంచమైతే లోపలివైపు పడుకున్నవారు రెండోవారిని దాటుకుంటూ దిగవలసి వస్తుంది. ఎక్కే మెట్టు కూడా ఎత్తుగా ఉంటుంది కాబట్టి 18 డాలర్లు పెట్టి ఒక చిన్న స్టూలు కొన్నాము. ఆ వారంలో మేము పెట్టిన ఖర్చులన్నిటిలోకీ అది ఉత్తమమైనది.

మొదటిరోజు అత్తగారు బండిలో అడుగుపెట్టి, పొయ్యికీ టాయిలెట్‌కూ మధ్య ఒక్క తలుపే ఉండటం చూసి మొహం చిన్నబుచ్చుకున్నారు. "వంట చేసే చోట ఇదేమిటే" అని, ఆ రాత్రి పెరుగన్నం కూడా సరిగా తినలేదు. ఆ బాధను నేను తేలిగ్గా తీసుకోలేదు. డెబ్బై ఏళ్ళుగా పాటించిన శుభ్రతను ఒక్క పూటలో పక్కన పెట్టమనడం న్యాయం కాదు. మరునాటి నుంచి వంట ఇండక్షన్ పొయ్యి మీద బయటి బల్ల దగ్గర చేసుకునేలా ఏర్పాటు చేశాము. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి తినడం ముగిసిన వెంటనే గిన్నెలు, పదార్థాలు అన్నీ లోపలికి చేర్చేవాళ్ళము. అల్లం, పచ్చిమిర్చి వేసిన ఉప్మా, నిమ్మకాయ పులిహోర చేసి మాకు వడ్డిస్తూ ఆవిడ తిరిగి మామూలు మనిషయ్యారు.

మేము బస చేసిన ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కు, ఎల్లోస్టోన్ లోపల నీళ్ళు, కరెంటు, మురుగు గొట్టం మూడూ ఉన్న ఒకే ఒక క్యాంప్‌గ్రౌండ్. ఎలుగుబంట్ల వల్ల అక్కడ గుడారాలను అనుమతించరు, గట్టి గోడలున్న బండ్లకే చోటు. రాత్రికి సుమారు వంద డాలర్లయింది, స్థలాలు కాస్త ఇరుకుగా ఉన్నాయి. అయినా పెద్దవాళ్ళతో వచ్చేవారు పార్కు లోపలి మిగతా క్యాంప్‌గ్రౌండ్ల జోలికి వెళ్ళవద్దని గట్టిగా చెబుతాను. సముద్రమట్టానికి 7,700 అడుగులకు పైగా ఎత్తున్న ఆ చోట జూన్‌లో కూడా తెల్లవారుజామున గడ్డకట్టే చలి ఉంటుంది, హీటరు రాత్రంతా నడవాలి. మా బండి 30 ఆంపియర్ల కనెక్షన్‌ది. దాని మీద హీటింగు ఫ్యాను కాక ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్, రైస్ కుక్కర్ ఒకేసారి పెడితే మీట పడిపోతుంది. ఒకటి ముగిశాక మరొకటి పెట్టుకోవాలి.

ఆ రాత్రులలో మామగారు ఎవరినీ లేపకుండా, చీకట్లో బయటికి నడవకుండా, తన పని తాను చూసుకొని మళ్ళీ పడుకోగలిగారు. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ దగ్గర వేడినీటి ఊట ఎగసిన తరువాత కూడా లేవకుండా, రెండోసారి చూడాలని ఆయనే అడిగి బెంచీ మీద కూర్చున్నారు. ప్రయాణాలంటే భయపడిన మనిషి నోట "ఇంకాసేపు ఉందాం" అన్న మాట విన్నప్పుడు మా వారి కళ్ళు చెమర్చాయి.

అంత మంచి వారం చివర, బండిని తిరిగి ఇచ్చే చోట జరిగినది ఇప్పటికీ బాధిస్తుంది. నగరంలోకి వచ్చేముందు ఒక ట్రక్ స్టాప్‌లో 15 డాలర్లు కట్టి మురుగు ట్యాంకులు ఖాళీ చేసి, రసీదు తీసుకొని వెళ్ళాము. కౌంటరులోని వ్యక్తి మీటరు పలకను నొక్కి, నల్ల ట్యాంకు మూడింట రెండు వంతులు నిండి ఉందని దీపం చూపుతోందని చెప్పి, 275 డాలర్లు కోస్తామన్నాడు. టాయిలెట్ వ్యర్థాలు చేరే ఆ ట్యాంకు గోడలోని సెన్సర్లకు కాగితం అంటుకుంటే ఖాళీగా ఉన్నా నిండినట్లు చూపడం, ఈ బండ్లతో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలిసిన విషయం. రసీదు చూపించాము, టాయిలెట్‌లోంచి టార్చి వేసి చూడమన్నాము, అతడు చూడనన్నాడు. పైగా, కరెంటు కనెక్షన్ లేనిచోట వాడుకోవడానికి బండిలో ఉండే జనరేటరు అదనపు గంటలకు 88 డాలర్లు వేశాడు. మొదటిరోజు మా వారు ఫోనులో తీసిన మీటరు ఫోటోకూ, వాళ్ళ కాగితం మీద రాసిన అంకెకూ పొంతన లేదని చూపించాక ఆ 88 మాత్రం తీసేశారు. ఎండలో సూట్‌కేసు మీద కూర్చున్న అత్తగారు, "పోనీలే, ఇచ్చేయండి నాయనా, గొడవెందుకు" అన్నారు. మా వారు ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చాక రసీదు, ఫోటోలు జతచేసి క్రెడిట్ కార్డు బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే ఆ 275 డాలర్లు తిరిగి వచ్చాయి. కార్డు మీద కాక మరే విధంగానూ డిపాజిట్ కట్టవద్దు. బండి తీసుకున్న నిమిషంలోనే జనరేటరు మీటరు, ఓడోమీటరు, ట్యాంకు దీపాలు, టైర్లు అన్నిటికీ ఫోటోలు తీయాలి.

ఖర్చు ఇలా అయింది. అద్దె రాత్రికి 215 డాలర్లు, బీమా రోజుకు 35, మైలుకు 45 సెంట్ల చొప్పున సుమారు 900 మైళ్ళకు 405, బండి సిద్ధం చేసే రుసుము 150, దుప్పట్లు, గిన్నెలకు 220. గ్యాలనుకు తొమ్మిది మైళ్ళే ఇచ్చింది కాబట్టి పెట్రోలుకు మరో 350. స్థలాల అద్దె కలిపితే వారానికి మొత్తం 3,500 డాలర్లు దాటింది. అదే వారానికి, పార్కు పక్కనే ఉన్న వెస్ట్ ఎల్లోస్టోన్ ఊళ్ళో రెండు హోటల్ గదులకు వాకబు చేస్తే 4,000 పైనే చెప్పారు, కారు అద్దె వేరు. ఒక్క గది చాలే ముగ్గురు మనుషుల కుటుంబానికి హోటలే చవక. అరవై రెండేళ్ళు నిండినవారికి జాతీయ ఉద్యానవనాల ప్రవేశానికి 80 డాలర్లకు జీవితకాలపు పాసు ఉంది, కొన్ని క్యాంప్‌గ్రౌండ్లలో సగం ధర రాయితీ కూడా ఇస్తుంది. అయితే అది పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవారికీ మాత్రమే. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకు వర్తించదు. గ్రీన్‌కార్డు వచ్చిన పెద్దవాళ్ళున్న ఇళ్ళలో దాన్ని తప్పక తీసుకోవాలి.

మా పక్క స్థలంలో మిన్నెసోటా నుంచి వచ్చిన రిటైర్డ్ ఉపాధ్యాయ దంపతులు ఉండేవారు. సొంత బండిలో ఏడాదిలో సగం రోజులు తిరుగుతారట. వాళ్ళతో మాట్లాడినప్పటి నుంచి మా వారు మనమూ ఒకటి కొందామంటున్నారు. నేను ఒప్పుకోలేదు. ఏడాదికి రెండు వారాల సెలవు మించి దొరకని ఉద్యోగాలలో ఉన్నంతకాలం, బండిని నిలిపే చోటుకు నెలనెలా అద్దె, బీమా, చలికాలంలో గొట్టాలు పగలకుండా చేసే పనుల ఖర్చు భరించడం దండగ. పాప కాలేజీకి వెళ్ళి, మాకు వరుసగా రెండు నెలలు తీరిక దొరికే వయసు వచ్చాక కొంటాము. అప్పుడైనా 25 అడుగులు మించనివ్వను, వెనుక మంచానికి రెండు పక్కలా దారి ఉండాలి.