ఆల్ప్రాజోలమ్: రెండున్నరేళ్లు వాడినవాడి మాట

ఆల్ప్రాజోలమ్ అంటే టెన్షన్ తగ్గించి నిద్ర పట్టించే మందు. అది పనిచేయదని చెప్పడానికి ఇది రాయట్లేదు. అమ్మ పోయాక దినాలు అయ్యేదాకా నాకు కంటిమీద కునుకు లేదు, డాక్టరు రాసిన 0.25 మిల్లీగ్రాముల బిళ్ల వేసుకున్న రాత్రి అరగంటకల్లా ఒళ్లు తెలియకుండా పడుకున్నా. ఆయన రాసింది పది రోజులకే, చీటీ మీద 10 చుట్టూ సున్నా చుట్టి మరీ ఇచ్చారు. ఆ చీటీని రెండున్నరేళ్లు తిప్పింది నేనే.

మెడికల్ షాపులో మొదట్లో చీటీ అడిగేవాడు, తర్వాత తర్వాత "అదేనా అన్నా?" అని వాడే స్ట్రిప్ తీసి కవర్లో వేసేవాడు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది. రోగి పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టర్లో ఎక్కించి మూడేళ్లు ఉంచాలి. స్ట్రిప్ మీద ఎర్ర గీతల మధ్య హెచ్చరిక కూడా ఉంటుంది, నేను ఒక్కసారీ చదివిన పాపాన పోలేదు.

నాలుగు నెలలకి 0.25 చాల్లేదు. 0.5 అయింది. ఏడాది తిరిగేసరికి పొద్దున పూట కూడా ఒక సగం, బ్లేడుతో కోసేవాణ్ణి, వేలికి అంటిన పిండి నాకేవాణ్ణి కూడా, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అమ్మ సంవత్సరీకానికి పిండాలు పెట్టింది నేనే. ఫోటోలో ఉన్నాను, పంచె కట్టుకుని, వేలికి దర్భ పవిత్రంతో. నాకు మాత్రం ఆ రోజు ముక్క గుర్తులేదు. "ఎంత గట్టివాడు, కంట తడి పెట్టలేదు" అన్నారట అందరూ. పొద్దున్నే రెండు బిళ్లలు మింగి కూర్చున్నానని వాళ్లకేం తెలుసు.

నిద్ర పడుతోంది కదా అని డిప్రెషన్ సంగతి నాకు తట్టనేలేదు. స్నానం చేయబుద్ధి కాదు, ఆఫీసు ఫోన్లు ఎత్తబుద్ధి కాదు. ఈ మందు టెన్షన్ తగ్గిస్తుంది గానీ డిప్రెషన్‌ని నయం చేయదు, కొందరిని ఇంకా కిందకి లాగుతుంది. ఒక పెళ్లిలో రెండు పెగ్గులు తాగి వచ్చి అలవాటుగా మాత్ర కూడా వేసుకున్నా, మా అక్క తెల్లవార్లూ నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చుందట. రెండూ కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం పోవచ్చని నాకు తర్వాత తెలిసింది.

ఒకరోజు రోషమొచ్చి మొత్తం మానేశా. రెండో రోజుకే చేతుల వణుకు, చెమటలు, గుండెదడ, టీవీ శబ్దం కూడా భరించలేకపోయా. మన తెలంగాణలో కల్తీ కల్లు దొరక్కపోతే జనం వణుకుతూ, పిచ్చిపిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రుల్లో చేరడం పేపర్లో చదివే ఉంటారు, ఆ కల్లులో కలిపేవాటిలో ఇదీ ఒకటి. నాకూ వాళ్లకీ తేడా ఏంటంటే నాది స్ట్రిప్పులో వచ్చేది, అంతే. సైకియాట్రిస్టు తిట్టింది అన్నాళ్లు వాడినందుకు కాదు, ఒక్కసారిగా ఆపినందుకు. ఫిట్స్ వచ్చి ఉండేవట. ఒంట్లో ఎక్కువసేపు నిలిచే క్లోనజెపామ్‌కి మార్చి, దాన్ని కొద్దికొద్దిగా తగ్గించడానికి తొమ్మిది నెలలు పట్టింది. డిప్రెషన్‌కి వేరే మందు, దాంతోపాటు కౌన్సెలింగ్. అర్ధరాత్రి మరీ ఆగలేనప్పుడు రెండుసార్లు మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేశా, తెలుగులోనే మాట్లాడారు, డబ్బులేం అడగరు.

ఐదో నెలలో అనుకుంటా, అటక మీంచి పాత జాడీ దింపాను. మూతికి అమ్మ కట్టిన గుడ్డ, ఆవిడ వేసిన రెండు ముళ్లు, అలాగే ఉన్నాయి. విప్పలేక అక్కడే కూలబడ్డా. అక్క హడలిపోయి డాక్టరుకి ఫోన్ చేస్తే "ఏడవనివ్వండమ్మా, పక్కన కూర్చోండి చాలు" అన్నారట. అమ్మ పోయి అప్పటికి మూడేళ్లు.